సంక్రాంతి నాటి పెరడు, వైశాఖం నాటి లెక్క

పుష్యమాసంలో పల్లెటూరి పెరడు నిండు ముత్తయిదువలా ఉంటుంది. చిక్కుడు పందిరి పూతా కాతతో బరువెక్కుతుంది. గొబ్బెమ్మలకు కావలసిన గుమ్మడి పూలు గోడ మీదనే దొరుకుతాయి. బావిలో నీరు పైకి కనబడుతూ ఉంటుంది. కళ్లం నుంచి వచ్చిన కొత్త గడ్డి వాసన వాకిలి దాకా వస్తుంది. సెలవుపై స్వగ్రామాలకు వెళ్లే మన ఉద్యోగులలో చాలామంది ఏడాదికి ఈ నాలుగు రోజులే ఆ పెరటిని చూస్తారు. అందుచేత అది ఏడాది పొడుగునా అలాగే ఉంటుందన్న భ్రమ కలగడం సహజమే. ఈ శీర్షికకు వచ్చే లేఖలు అనేకం ఆ భ్రమలో నుంచే పుట్టినట్లు మాకు తోస్తుంది.

ఈ మాసం మాకు అందిన ఒక లేఖను తీసుకుందాం. వ్రాసినవారు కోస్తా జిల్లాలలోని మెట్ట గ్రామానికి చెందినవారు. పదవీ విరమణకు ఇంకా 2 ఏళ్లు ఉన్నది. ఊరిలో 30 సెంట్ల ఇంటిస్థలం, ఒక బావి, రెండు మామిడి చెట్లు, ఒక గేదె ఉన్నాయి. 70 ఏళ్లు దాటిన తల్లిగారు ఒక పనివాని సాయంతో వాటిని కనిపెట్టుకొని ఉన్నారు. పండుగకు వెళ్లినప్పుడు మరొక పాడిగేదెను కొని ఆమెకు అప్పగించి రావాలని వారి సంకల్పం. పాల రాబడి తల్లిగారి ఖర్చులకు అక్కరకు వస్తుందనీ, విరమణ నాటికి తమకొక ఆధారం ఏర్పడుతుందనీ వారి ఊహ. ఉద్దేశం మంచిదే. అయితే గేదెను కొనేది పుష్యంలో, మేపవలసింది వైశాఖంలో.

ముందుగా గ్రాసం సంగతి. పాలిచ్చే గేదెకు పచ్చిమేత కాక రోజుకు 6 కిలోల ఎండుగడ్డి అనుకుంటే, సంక్రాంతి మొదలు గట్ల మీద తొలకరి పచ్చిక ఎదిగే వరకు, అంటే సుమారు 180 రోజులకు, 1,080 కిలోలు కావాలి. రెండు గేదెలకు రెండు టన్నుల పైమాటే. పచ్చిమేత కరవైన నెలల్లో ఈ 6 కిలోలు చాలవు కూడా. ఒకప్పుడు చేతికోత కోసి, కుప్ప నూర్చి, గడ్డిని బండ్లతో ఇంటికి తోలేవారు. నేడు కోతయంత్రం నడిచిన మడిలో గడ్డి చిందరవందరగా పడి ఉంటుంది. దానిని పోగుచేసి కట్టలు కట్టించే ఏర్పాటు చేసుకుంటే తప్ప ఇల్లు చేరదు. కొనదలచినవారు కోతల కాలంలోనే కొనాలి. వేసవి ముదిరిన తరువాత గడ్డి కోసం వెదకడం మొదలుపెట్టినవానికి ధర అమ్మేవాడు చెప్పిందే.

వామిని ఎత్తయిన చోట, కింద రాళ్లో మొద్దులో పరచి, పైన వాన నీరు జారిపోయేటట్లు వేయించాలి. భోగిమంటకు దూరంగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. ఉన్న గడ్డి సారాన్ని పెంచుకొనే పద్ధతి ఒకటి పశువైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, 100 కిలోల ఎండుగడ్డి మీద పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి 3 వారాలు ఉంచుతారు. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి మేపాలి. 6 నెలలు నిండని దూడలకు పెట్టరాదు. కలిపిన యూరియా నీళ్ల దరిదాపులకు ఏ పశువునూ రానీయరాదు. అది తాగితే ప్రాణాపాయం. వృద్ధురాలు ఒక్కరే ఉన్న ఇంట ఈ పని ఎవరికో అప్పగించి రాకుండా, మీరు సెలవులో ఉండగానే ముందుండి చేయించడం మేలు.

ఇక నీరు. ఈశాన్య రుతుపవనం డిసెంబరుతో సెలవు తీసుకుంటుంది. అటుపై తొలకరి దాకా బావికి చెప్పుకోదగిన జమ లేదు, ఖర్చే. గేదె తాగడానికీ, కడగడానికీ కలిపి రోజుకు 100 లీటర్లకు తగ్గదు. రెండవ గేదె వస్తే మరో 100. పెరటి మొక్కలు, ఇంటి వాడకం దీనికి అదనం. బావిలో ఏప్రిల్ నాటికి ఎంత నీరు ఉంటుందో జనవరిలో ఊహించి చెప్పడం కంటె కొలిచి తెలుసుకోవడం సులభం. ఒక తాడుకు రాయి కట్టి, ప్రతి నెల 1వ తేదీ ఉదయం, నీరు తోడక ముందు బావిలోకి దించి, నీరు తాకిన చోట ముడి వేయించండి. జనవరి ముడికీ మే ముడికీ మధ్య ఉన్న దూరమే ఆ బావి జాతకం. ఒక్క వేసవి ఈ తాడును చూచిన తరువాత రెండవ గేదె మాట తలపెట్టవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం లేఖలో లేదు. ఉన్న గేదె చూడిదా, వట్టిపోతున్నదా అన్నది వారు వ్రాయలేదు. మన పాతకాలపు పందిరి చిక్కుడు పొద్దు తగ్గిన తరువాతనే పూతకు వస్తుందని తెలిసినదే. అందుకే రథసప్తమి నాడు రథం కట్టడానికి చిక్కుడుకాయలకు, పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులకు లోటుండదు. గేదెదీ కొంతవరకు ఇదే స్వభావం. పగలు కురుచయ్యే కాలంలో, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు, గేదెలు ఎక్కువగా ఎదకు వస్తాయి. వేసవిలో ఎద వచ్చినా లక్షణాలు పైకి కనబడవు. దానినే మూగ ఎద అంటారు. ఆవులా గేదె అరచి గోల చేయడం చలికాలంలోనే తక్కువ. ఎండలలో చెప్పనే అక్కరలేదు. తీగలు వేయడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం గమనించేవారు ఉండాలి. ఎద సుమారు 21 రోజులకొకసారి వస్తుంది. ఉదయం కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాటి ఉదయం పశువైద్యశాలకు కబురు చేయాలి.

ఇందులోని లెక్క చూడండి. గేదె చూలుకాలం సుమారు 310 రోజులు. జనవరి మధ్యలో చూలు నిలిస్తే నవంబరు మూడవ వారానికి ఈనుతుంది. ఈ చలికాలం దాటిపోయి, మళ్లీ సెప్టెంబరులో నిలిచిందనుకుంటే, ఈత ఆ మరుసటి ఏడాది జూలైకి పోతుంది. మధ్య 8 నెలల మేత, నీరు, చాకిరీ పాలు లేకుండానే పెట్టాలి. రెండవ గేదె ధరతో పోల్చితే ఒక పశువైద్యుని పరీక్ష ఖర్చు ఏపాటిది? పండుగ సెలవులో మొదటి పని అదే కావాలని మా సలహా.

మామిడి చెట్ల గురించి ఒక్కమాట. పూత రావలసిన ఈ రోజులలో వాటికి నీరు పెట్టకండి. పెడితే పూతకు బదులు లేతాకు వేస్తాయి. పిందె వేరుసెనగ గింజంత అయిన తరువాత పెట్టవచ్చు. పూత విచ్చుకొని ఉండగా మందులు చల్లితే వాలే ఈగలు, తేనెటీగలు చస్తాయి. కాపుకు అవే ఆధారం.

విత్తనం విషయంలో తల్లిగారికి మేము చెప్పగలిగింది లేదు. ఏ సొరకాయను కోయకుండా తీగకే ముదరనీయాలో, ఏ చిక్కుడును చెట్టునే ఎండనీయాలో, బూడిద కలిపిన గింజను ఏ కుండలో దాచాలో ఆమెకు తెలిసినంత అచ్చుపుస్తకాలకు తెలియదు. ఆ పక్కన కూర్చొని అడిగి వ్రాసుకోవలసింది కుమారులవారే. ఇంకో 2 ఏళ్లలో ఆ పెరడు వారి చేతికి రానున్నది.

చివరకు మనుషుల మాట. మంచు విడవకముందే లేచి, పేడ ఎత్తి, కుడితి కలిపి, పాలు పితికించి కేంద్రానికి పంపడం రోజూ జరగవలసిన పని. పనివాడు పండుగకు తన ఊరు పోతాడు; గేదెకు పండుగ సెలవు లేదు. అప్పుడు బాల్చీ పట్టుకొనేది 70 దాటిన చేతులే. లేఖ రెండుసార్లు చదివినా, గేదెను కొనే సంగతి తల్లిగారితో ఆలోచించినట్లు మాకు ఎక్కడా కనబడలేదు. ఆమె వద్దంటే ఈ లెక్కలేవీ అక్కరలేదు. సరేనంటే కూడా ఈ ఏడు ఆ డబ్బును ఒక గేదెకు సరిపడా గడ్డికీ, జారని కొట్టం గచ్చుకీ, బావికి ఒక చిన్న మోటారుకీ వెచ్చించమంటాము. నవంబరులో మొదటి గేదె ఈనిన తరువాత, ముడుల తాడును ముందు పెట్టుకొని, రెండవదాని సంగతి మాకు మళ్లీ వ్రాయగలరు.