గాలి తెచ్చిన సీజియం

పాలడబ్బా కొనేటప్పుడు తల్లి ఏం చూస్తుంది? తయారీ తేదీ, గడువు తేదీ, ధర. 2011 డిసెంబరులో జపాన్ తల్లులకు ఇంకో దిగులు వచ్చిపడింది... సీజియం!

అక్కడ బాగా పేరున్న మెయిజీ కంపెనీ పాలపొడిలో కిలోకి 30.8 బెక్వెరెల్స్ దాకా రేడియోధార్మిక సీజియం ఉన్నట్టు తేలింది. అప్పట్లో పాలకు పెట్టిన పరిమితి 200. రూలు ప్రకారం తప్పేం లేదన్నమాట. అయినా 4 లక్షల డబ్బాల్ని ఉచితంగా మార్చి ఇస్తామంది కంపెనీ. విచిత్రం ఏమిటంటే, దోషం పాలది కాదు. అవి ఫుకుషిమా ప్రమాదానికి ముందే సేకరించినవి. ఆ మార్చిలో సైతామా ఫ్యాక్టరీలో పాలను పొడిగా ఆరబెట్టడానికి వేడిగాలి వాడారు. బయటి నుంచి తీసుకున్న ఆ గాలితోపాటే సీజియం కూడా వచ్చి ఉంటుందని కంపెనీ చెప్పింది.

కంటికి కనిపించని, రుచికి తెలియని దాన్ని ఎలా పట్టుకుంటారు? పాలపొడిని ఒక పాత్రలో నింపి, మందపాటి సీసపు గోడల మధ్య జెర్మేనియం డిటెక్టర్ దగ్గర గంటల తరబడి ఉంచుతారు. సెకనుకి ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్. ఒక్కో రేడియోధార్మిక ఐసోటోపు వదిలే గామా కిరణాలకు ఒక్కో శక్తి ఉంటుంది. సీజియం-137 అయితే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, పొటాషియం-40 అయితే 1460. ఏది ఎవరిదో అలా తెలిసిపోతుంది. ఖాళీ గిన్నె బరువు తీసేసి తూచినట్టే, చుట్టుపక్కల ఉండే రేడియేషన్‌నీ లెక్కలోంచి తీసేస్తారు.

అసలు పొటాషియం ఎందుకొచ్చిందంటారా? అది ఏ పాలలోనైనా ఉంటుంది... తల్లిపాలలో కూడా. గ్రాము పొటాషియంలో సహజంగానే 30 బెక్వెరెల్స్ ఉంటాయి. కిలో పాలపొడిలో ఐదు గ్రాములుంటే 150! సీజియం కన్నా ఎక్కువే కదా, ఇంక గోలెందుకు అనిపించొచ్చు. కానీ పొటాషియం లేకుండా బిడ్డ బతకదు. ఎక్కువైంది మూత్రంలో పోతుంది, ఒంట్లో ఉండేది ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదు. సీజియం అలాకాదు. దాంతో ఒంటికి పనిలేదు, పొటాషియంలాగే కండరాల్లోకి చేరుతుంది. అక్కర్లేని అదనం.

2012 ఏప్రిల్‌లో జపాన్ పసిపిల్లల ఆహారానికి పరిమితిని 50కి తగ్గించింది. ఆ లెక్కన చూసినా వెనక్కొచ్చిన డబ్బాలు పాసయినట్టే. ఆ మాట చెప్పి ఏ తల్లి చేతిలోనైనా అదే డబ్బా మళ్లీ పెట్టగలరా?