బడులను పోల్చు కొలబద్ద

వేసవి సెలవులు ముగియు దినములలో ప్రతి మండలమునందును ఒకే ప్రశ్న వినవచ్చును. ఐదవ తరగతి ముగించిన బిడ్డను ఏ బడికి పంపవలెను? ఊరి ప్రాథమికోన్నత పాఠశాలకా, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకా, అర్హతగల ఆడుబిడ్డయైనచో కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయమునకా? తల్లిదండ్రులు బడులను పోల్చి చూచుట యుక్తమే. ఆ పోలిక దేనినిబట్టి జరుగుచున్నదో విచారింపవలసియున్నది.

గోడల రంగును, ప్రహరీని చూచి బడిని మెచ్చుకొనుట మనకలవాటైనది. 2019లో ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన 'మన బడి నాడు-నేడు', 2022లో తెలంగాణమున ప్రారంభమైన 'మన ఊరు-మన బడి' కార్యక్రమములు కట్టడములను బాగుచేయ నుద్దేశించినవి. వానిని మేము తక్కువచేయము. మరుగుదొడ్డి లేని బడిలో ఈడువచ్చిన బాలిక నిలువజాలదు. కాని గోడ పాఠము చెప్పదు.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము తగిన కొలబద్దను మన చేతికిచ్చినది. ఆరు మొదలు ఎనిమిది వరకు తరగతికొక్క యుపాధ్యాయుడైన నుండవలెను. వారిలో గణిత విజ్ఞానములకొకరు, సాంఘికశాస్త్రమునకొకరు, భాషలకొకరు తప్పనిసరి. 35 మంది పిల్లలకొకరు చొప్పున లెక్క సరిపోవలెను. పిల్లలు నూరు దాటినచో పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు కావలెను. ఏటికి 220 పనిదినములు, 1,000 బోధన గంటలు జరుగవలెను.

ఈ నియమములలో ఒకదానిని చూపి తక్కినవానిని దాచరాదు. మూడు తరగతులును గల బడిలో 35 మంది పిల్లలు, ఒక్క యుపాధ్యాయుడు ఉన్నారనుకొందము. కాగితముపై నిష్పత్తి సరిపోయినది. చట్టము మాత్రము భంగమైనది. మండలపు సగటును చూపి తృప్తిపడుటయు నిట్టిదే. పట్టణము చెంతనున్న బడిలోని మిగులు, మారుమూల బడిలోని కొరతను సగటులో కప్పిపుచ్చును. నిష్పత్తి ప్రతి పాఠశాలయందును నిలువవలెనని 25వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. ఖాళీలు నూటికి పదికి మించరాదని 26వ సెక్షను శాసించుచున్నది. నాలుగుద్యోగముల బడిలో ఒక్కటి ఖాళీయైనను అది నూటికి ఇరువదియైదు.

పిల్లలు లేరు గనుక ఉపాధ్యాయుని ఈయలేమని అధికారులందురు. ఉపాధ్యాయుడు లేనందుననే పిల్లలు వెడలిపోయిరని ఊరివారందురు. ముందు ఏది జరిగినదో తెలియుట కష్టము కాదు. హాజరుపట్టీలను, బదిలీల తేదీలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన చాలును. కలవారు బిడ్డలను బస్సెక్కించి వేరొక బడికి పంపుకొందురు. కూలివారి బిడ్డలు మిగిలిపోదురు. తుదకు బడి మూతపడినచో దూరము నడువవలసినది వారే. చదువు మానవలసినదియు వారి ఆడుబిడ్డలే.

కావున ప్రతి మండలమునందును తల్లిదండ్రులు పూనుకొనవలెను. 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, సగము స్త్రీలు ఉండవలెను. అట్టి సంఘములవారు తమ మండలములోని బడులన్నిటి లెక్కలను ఒకే పట్టికగా వ్రాయింపవలెను. మంజూరైన ఉద్యోగములెన్ని, ఖాళీలెన్ని, ఏ విషయమునకు ఎవరు లేరు, ఎన్ని దినములు బడి నడిచినది అను సంగతులు అందుండవలెను. అడిగిన నీయనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. సాధారణముగా ముప్పది దినములలో ప్రత్యుత్తరమీయక తప్పదు. ఆ పట్టికను పంచాయతీ కచేరీ గోడమీద నంటింపవలెను.

మంచి బడిని వెదకుకొని తరలిపోవుట కొందరికే సాధ్యము. వెనుకబడిన బడికి న్యాయముగా రావలసినదానిని రాబట్టుట అందరికిని మేలు. పోలిక యీ రెండవ పనికి వినియోగపడుగాక.