జట్టు పేరు ఊరిది.. పెత్తనం యజమానిది

* విజేతలుగా నిలిచిన రెండు హైదరాబాద్ జట్లు కనుమరుగు
* బకాయిదారులకు న్యాయస్థానాలు.. అభిమానికి దారేది?

కర్నూలు: హైదరాబాద్ పేరుతో ఆరు సీజన్లు ఆడిన ఫుట్‌బాల్ జట్టు 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీగా ఉన్న జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. అదే యాజమాన్యం, లీగ్‌లో అదే స్థానం. మారింది ఊరు, పేరు, రంగులు మాత్రమే. అభిమాని జట్టును గుర్తుపట్టేది ఆ మూడింటితోనే. యాజమాన్యం దృష్టిలో అవి ఎప్పుడైనా మార్చుకోదగినవి.

కర్నూలు, కడప జిల్లాలకు దీంతో పనేమిటన్న ప్రశ్న రావచ్చు. దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి జట్టు లేదు. సీమలో బంతాట ఆడే పిల్లలకు, గచ్చిబౌలి పరిసరాల్లో కొలువులు చేసుకుంటున్న కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు యువకులకు తెలుగునేల మీద ఆ స్థాయిలో ఉన్న జట్టు అదొక్కటే. 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు గంటలు ప్రయాణిస్తే చేరుకోగలిగిన మైదానం. ఇప్పుడు అక్కడ సూపర్ లీగ్ జట్టు లేదు.

చివరి నుంచి మొదటికి.. మళ్లీ చివరికి

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలిపిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఆ నగరవాసే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌దే. ఆ తరువాత వైభవం క్రమంగా సన్నగిల్లింది. పుణె జట్టు మూతపడి ఏర్పడిన ఖాళీలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు పాతతరం వారిలో ఆశలు చిగురించింది అందుకే.

తొలి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. అయినా రెండేళ్లు తిరిగేసరికి స్పెయిన్‌కు చెందిన శిక్షకుడు మనోలో మార్క్వెజ్ ఆధ్వర్యంలో రూపురేఖలు మారిపోయాయి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి విజేత అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలను అడ్డుకున్నాడు. మరుసటి సీజన్‌లో పట్టికలో రెండో స్థానం. అప్పటికి లోపల నిధుల కొరత ముదురుతున్న సంగతి మైదానంలో కనిపించలేదు.

2023-24లో అంతా బయటపడింది. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిలిచిపోయాయి. పాత ఆటగాళ్ల బకాయిలు తీర్చనందున కొత్తవారిని చేర్చుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా నిషేధం విధించింది. సీజన్ సగంలోనే విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు, పేరున్న స్వదేశీ ఆటగాళ్లు ఇతర జట్లకు మారారు. మిగిలిన కుర్రవాళ్లతో జట్టు సీజన్ ముగించింది. 22 మ్యాచ్‌లలో ఒకే గెలుపు, ఎనిమిది పాయింట్లు, చిట్టచివరి స్థానం. పాత యాజమాన్యం నుంచి బీసీ జిందాల్ గ్రూపు 2024లో జట్టును తీసుకుంది. గండం గడిచిందని అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. ఏడాదికే జట్టు ఊరు దాటింది.

ఈ పతనంలో తప్పంతా ఒక్క యాజమాన్యానిదేనంటే అర్ధసత్యమే అవుతుంది. కరోనా కారణంగా రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలి గేటు దగ్గర ఒక్క టికెట్ అమ్ముడుపోలేదు. లీగ్‌లో ఖర్చుకు తగిన రాబడి దాదాపు ఏ జట్టుకూ లేదు. ఏటా నష్టం భరించగల జేబు ఉన్నంతకాలమే జట్టు ఉంటుంది. లీగ్‌కే దిక్కులేని స్థితి 2025లో వచ్చింది. జాతీయ సమాఖ్యకు, లీగ్ నిర్వాహక సంస్థకు మధ్య 2010లో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం డిసెంబరుతో ముగియవస్తుండగా, కొత్త సీజన్ ఎప్పుడన్నది తేలక ఆటగాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు. అంత మాత్రాన జీతం ఇవ్వలేనివారు ఒప్పందాలు రాసుకోవడం న్యాయమనిపించుకోదు. క్లబ్బులకు లైసెన్సు ఇచ్చేముందు ఆర్థిక పత్రాలు పరిశీలించాలన్న నిబంధన ఉంది. మినహాయింపు ఇచ్చే వెసులుబాటూ ఆ పక్కనే ఉంది.

అంతకుముందు క్రికెట్‌లోనూ..

ఈ కథ తెలుగువారు ఒకసారి చూసిందే. 2008 జనవరిలో దక్కన్ క్రానికల్ పత్రికా సంస్థ 10.7 కోట్ల డాలర్లకు ఐపీఎల్ జట్టును కొని దక్కన్ చార్జర్స్ అని పేరుపెట్టింది. ఆ జట్టూ తొలి ఏడాది అట్టడుగునే. 2009లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచింది. 2012 నాటికి మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. జట్టును వేలానికి పెడితే వచ్చిన ఏకైక బిడ్‌ను, పీవీపీ సంస్థ ఇవ్వజూపిన 900 కోట్ల రూపాయలను, యాజమాన్యమే కాదన్నది. మరునాడు, సెప్టెంబరు 14న, క్రికెట్ బోర్డు జట్టును రద్దు చేసింది. బొంబాయి హైకోర్టు అడిగిన 100 కోట్ల పూచీకత్తు సమకూరలేదు. అక్టోబరులో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున చెల్లించేందుకు ముందుకొచ్చి హైదరాబాద్ స్థానాన్ని దక్కించుకుంది. సన్‌రైజర్స్ అలా వచ్చింది.

ఆ వివాదం తరువాత చాలాకాలం నడిచింది. బోర్డు సుమారు 4,800 కోట్లు చెల్లించాలని 2020లో మధ్యవర్తి తీర్పునిస్తే, 2021లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తొమ్మిదేళ్ల వ్యాజ్యంలో వాది ఉన్నాడు, ప్రతివాది ఉన్నాడు. చార్జర్స్ కోసం గొంతు చించుకున్న ప్రేక్షకుడి ప్రస్తావన ఎక్కడా రాలేదు, రావలసిన అవసరం చట్టప్రకారం లేదు కూడా.

రెండు జట్ల విజయాల్లో మరో పోలిక ఉంది. చార్జర్స్ కప్పు గెలిచిన 2009 ఐపీఎల్ ఎన్నికల కారణంగా దక్షిణాఫ్రికాకు తరలింది. హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచిన సీజన్ కరోనా కారణంగా గోవాలో సాగింది. సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ చూడకుండానే ఇక్కడివారు రెండుసార్లు విజేతలయ్యారు. విజేత హోదాలో 2010లో బరిలో దిగిన చార్జర్స్ మ్యాచ్‌లూ తెలంగాణ ఉద్యమం నేపథ్యంలో కటక్, నాగపూర్, ముంబయిలకు వెళ్లాయి.

అగ్రిగోల్డ్ బాధితుడికి ఉన్నదీ లేదు

జట్టు దివాలా తీసే స్థితికి వస్తే ఎవరికి ఏ దారి ఉందో చూస్తే అభిమాని స్థానం బోధపడుతుంది. జీతం రాని ఆటగాడు జాతీయ సమాఖ్యకు, ఆపైన ఫిఫాకు ఫిర్యాదు చేయవచ్చు. అప్పిచ్చిన బ్యాంకుకు రుణ వసూలు ట్రిబ్యునల్ ఉంది. బిల్లు అందని హోటలు, బస్సుల యజమాని 2016 నాటి దివాలా చట్టం కింద బకాయిదారుగా నమోదు చేసుకోవచ్చు. అభిమాని ఈ జాబితాలో లేడు. టికెట్ కొన్నందుకు అతడు వినియోగదారుడే గానీ ఆ హక్కు ఆ పూట ఆటకే పరిమితం. కుర్చీ విరిగి ఉంటే అడగవచ్చు, జట్టు ఊరు విడిచిపోతే అడగడానికి లేదు.

కర్నూలు, కడప జిల్లాల్లో అగ్రిగోల్డ్ పేరెత్తితే ఇప్పటికీ నిట్టూర్పులే. కానీ అక్కడ బాధితుల చేతిలో బాండు కాగితం ఉంది. దాన్ని పట్టుకుని వారు రోడ్డెక్కారు, హైకోర్టు తలుపు తట్టారు. 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిట్‌దారులకు ప్రభుత్వమే కొంత చెల్లించింది. అంతకు వెనక్కి వెళితే, 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు తరలిపోయినా, వాదించుకోవడానికి సీమవాసి చేతిలో 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఉంది. అమలు మాట అలా ఉంచితే కాగితమంటూ ఒకటి ఉంది. జట్టు అభిమాని దగ్గర ఉన్నది పసుపు రంగు బనియను, పాత టికెట్ ముక్కలు.

2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల ఎన్నికలు, వాటిలో క్రీడాకారుల ప్రాతినిధ్యం, వివాదాలకు ట్రిబ్యునల్ వంటి అంశాలపై దృష్టి పెట్టింది. అవన్నీ అవసరమైనవే. ప్రైవేటు జట్టు ఊరు మారడం మాత్రం దానికి సంబంధించిన విషయం కాదు.

విదేశాల్లో భిన్నమైన పద్ధతులున్నాయి. జర్మనీలో 1998 నుంచి, కొద్ది మినహాయింపులతో, ఓటు హక్కులో సగానికి పైగా క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉండాలి. పెట్టుబడిదారు డబ్బు పెట్టవచ్చు, జట్టును ఎత్తుకుపోలేడు. ఇంగ్లాండులో 2002లో వింబుల్డన్ జట్టును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి అనుమతిస్తే, అభిమానులు సొంతంగా కొత్త జట్టు పెట్టుకుని దిగువ శ్రేణి నుంచి మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో దాన్ని నాలుగు ప్రధాన శ్రేణుల్లోకి చేర్చారు. అక్కడ 2025లో వచ్చిన చట్టం ప్రకారం మైదానం మార్చాలంటే స్వతంత్ర నియంత్రణాధికారి ఆమోదం కావాలి. పేరు, చిహ్నం, రంగుల విషయంలో అభిమానుల మాటకూ విలువ ఇవ్వాలి. వింబుల్డన్ వ్యవహారం నుంచి ఆ చట్టానికి 23 ఏళ్లు పట్టింది.

సీమ పేర్లూ ఫ్రాంచైజీలకే

ఇదంతా పరాయి ఊళ్ల గొడవ అనుకోవడానికి వీల్లేదు. 2022లో ఆంధ్ర క్రికెట్ సంఘం ప్రారంభించిన ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో రాయలసీమ కింగ్స్ అనే జట్టు ఆడింది. 2025 నాటికి ఆ పేరు లేదు. కొత్త ఫ్రాంచైజీలతో రాయల్స్ ఆఫ్ రాయలసీమ, తుంగభద్ర వారియర్స్ వచ్చాయి. కింగ్స్ అని అరిచిన కుర్రవాడు రాయల్స్ అని అరవడం నేర్చుకోవాలి. కప్పు గెలిచినా ఓడినా తుంగభద్ర పేరు మీద మొదటి హక్కు ఒప్పందంలో సంతకం చేసినవారిదే. కర్నూలును ఆనుకుని పారే నదికి ఆ సంతకంతో సంబంధం లేదు.

ప్రాంతం పేరు వాడుకునే ప్రతి జట్టు యాజమాన్యం నుంచి కనీసం ఒక సీజన్ జీతాలకు సరిపడా సొమ్మును సంఘాలు ముందే పూచీగా తీసుకోవచ్చు. ఏటా లెక్కలు ప్రకటించాలని, పేరు మార్పునకు గడువు ముందుగా చెప్పాలని ఒప్పందంలోనే రాయవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒప్పందం రాసేవారి కలం చాలు. జట్టు కొనడానికి వచ్చేవారు వెనక్కి పోతారేమోనన్న జంకు నిర్వాహకులకు ఉండవచ్చు. ఒక సీజన్ జీతాలకు హామీ ఇవ్వలేనివారు రాకపోవడమే నయం.

పొరుగున అనంతపురంలో ఫాదర్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ సంస్థ గ్రామీణ బాలబాలికలకు ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ నేర్పుతోంది, లీగ్ నడుపుతోంది. అక్కడ వేలం లేదు, ఫ్రాంచైజీ లేదు. అదీ దాతల సొమ్ము మీద నడవవలసిందే గనుక నిశ్చింతగా ఉండలేం. ఆ పిల్లల్లో ఒకరు రేపు అగ్రశ్రేణి లీగ్‌లో ఆడాలనుకుంటే మాత్రం గచ్చిబౌలికి బదులు బెంగళూరు రైలెక్కాలి.