అడుగని ప్రశ్న

ముప్పదియేండ్ల యువతికి రొమ్మున గడ్డ కనిపించును. పరీక్షలు ముగియునప్పటికి వ్యాధి యెముకలకో కాలేయమునకో ప్రాకినదని తేలును. వైద్యుడు ఆమె భర్తను, తండ్రిని లోనికి పిలిచి మాటలాడును. ఆమె వెలుపల బల్లమీద కూర్చుండును. మందులెన్ని, వ్యయమెంత యను ప్రశ్నలన్నియు వచ్చును. బిడ్డలు కావలెనను కోరిక గలదాయని మాత్రము ఆమె నెవ్వరును అడుగరు. ప్రాణమే సందేహమున నుండగా సంతానమెక్కడిదని పెద్దల తాత్పర్యము. ఈ మౌనము దయవలన పుట్టినదే కావచ్చును. న్యాయమైనది మాత్రము కాదు.

2022 అంచనాల ప్రకారము ఆ యొక్క యేటనే మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు క్రొత్తగా బయల్పడినది. ఇతరావయవములకు ప్రాకిన వ్యాధిని నిర్మూలించుట నేటికిని అరుదే. అయినను కాలము మారినది. ముదిరిన హెర్-2 రకపు వ్యాధిపై జరిగిన క్లియోపాట్రా పరిశోధనలో ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ మందులను కీమోథెరపీతో కూడ పొందినవారిలో నూటికి 37 గురు ఎనిమిదేండ్ల పిమ్మట జీవించియుండిరని 2020లో ప్రకటింపబడినది. ఎనిమిదేండ్లు బ్రదుకగల స్త్రీ అందుకు తగిన యాశలు పెట్టుకొనుట యపరాధమా?

ఆశ పేరిట సత్యమును దాచుటయు తగదు. ప్రసూతికై హార్మోను మందులను రెండేండ్లవరకు నిలిపినవారికి, మూడేండ్లలో వ్యాధి తిరుగబెట్టుట హెచ్చు కాలేదని 2023లో పాజిటివ్ పరిశోధన తెలిపినది. కాని యందు చేరిన 500 పైచిలుకు స్త్రీలు వ్యాధి దూరావయవములకు ప్రాకనివారు. ముదిరిన వ్యాధిలో మందు నిలుపుట ప్రాణముతోడి పందెము. మందు సాగింతమన్న, వానిలో పెక్కు గర్భస్థశిశువునకు హానికరములు. ఇది మెత్తగా చెప్పవలసిన మాటయే గాని చెప్పక విడువవలసినది కాదు. అండములను తీసి ఘనీభవింపజేయుటకు సుమారు రెండు వారములు పట్టును. ఈస్ట్రోజను మితిమీరకుండ లెట్రోజోలు మాత్రలిచ్చు పద్ధతియు గలదు. అంతవరకు చికిత్స ఆగవచ్చునో లేదో వైద్యుడు నిర్ణయింపవలయును. కీమోథెరపీ మొదలైన పిమ్మట అడిగిన ప్రయోజనము స్వల్పము.

ఇక చట్టము. గర్భము ప్రాణాంతకమగు రోగమున్నచో వేరొక స్త్రీ గర్భమున బిడ్డను మోయించుకొనుటకు 2022 సరోగసీ నిబంధనలు అంగీకరించినవి. (జనులు దీనిని అద్దెగర్భమందురు, అద్దెనే చట్టము నిషేధించినది.) అయితే 2021 చట్టమున ఒంటరి స్త్రీలలో 35 మొదలు 45 ఏండ్లలోపు వితంతువులకు, విడాకులు పొందినవారికి మాత్రమే చోటు గలదు. అవివాహితకు లేదు, ముప్పదియేండ్ల వితంతువునకును లేదు. దత్తత కోరుదమన్న, 2022 దత్తత నిబంధనలు ప్రాణాంతక వ్యాధి గలవారిని త్రోసిపుచ్చినవి. అనాథశిశువు మరల అనాథ కారాదను భావము మేమెరుగుదుము. కాని భర్త ఆరోగ్యవంతుడై, ఇంట అమ్మమ్మయో నాయనమ్మయో యున్నప్పుడును ఆ యొక్క మాటతో తలుపు మూయుట విచారణ లేని తీర్పు. విచిత్రమేమన, 1956 హిందూ దత్తత చట్టముక్రింద బంధువుల బిడ్డను తీసికొనువారికి మతిస్థిమితము తప్ప ఆరోగ్యనిబంధన వేరొకటి లేదు. పెద్ద న్యాయవాదులు సైతము ఈ త్రోవను రోగిణులకు చెప్పుట మేమంతగా వినలేదు.

మేము కోరునది మిక్కిలి చిన్నది. కేసుకాగితమున బరువు, రక్తపుపోటు వ్రాయుచోటనే, తొలిమందు పడకమున్ను, ఈ ప్రశ్నకొక పంక్తి యుండవలయును. ఆమెనే యడుగవలయును. భర్తయు తండ్రియు ఆ కొంతసేపు వెలుపలి బల్లమీద కూర్చుండవచ్చును.