డిట్, డా, గుర్రపుడెక్క

ఆరో సెమిస్టర్ మొదట్లో మా రూమ్మేట్ నాకో అల్టిమేటం ఇచ్చాడు. "రాత్రి పదకొండు దాటాక ఆ టకటక వినిపించిందంటే, దాన్ని తీసుకెళ్లి నీ కాలవలోనే పడేస్తా" అని. నా రెండు పిచ్చిల్నీ ఒకే వాక్యంలో కలిపి తిట్టిన ఘనత వాడిదే. ఆ టకటక మా తాతయ్య ఇత్తడి టెలిగ్రాఫ్ కీది. ఆ కాలవ మా ఊరి పక్కనుంచి పోయే కొమ్మమూరు కాలవ. తర్వాత కాస్త నెమ్మదించి వాడు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు: "సరే రా, ఇవి రెజ్యూమేలో ఏ హెడ్డింగ్ కింద పెడతావ్?"

ఏ హెడ్డింగ్ కిందా పెట్టను. పెట్టకపోవడమే మంచిదని నా వాదన. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు కీ సంగతి. తాతయ్య తంతి శాఖలో పనిచేశాడు. ఆఫీసులో పాత సామాను వేలం వేసినప్పుడు ఈ కీనీ, దాని జత సౌండర్‌నీ పాడుకున్నాడట. చెక్క పీట, దాని మీద ఇత్తడి లివరు, ఒక స్ప్రింగు, రెండు కాంటాక్టులు. అంతే. సర్క్యూట్ డయాగ్రం గీస్తే మన ఫస్టియర్ ల్యాబ్‌లో మొదటి ప్రయోగం కన్నా చిన్నది. అటక మీద నుంచి దించినప్పుడు పచ్చగా చిలుం పట్టి ఉంది. చింతపండుతో తోమబోతే అమ్మమ్మ ఆపింది: "బిందె కాదురా అది, మెల్లిగా." కాంటాక్టుల్ని గరుకు కాగితంతో రుద్దకూడదు, పైనున్న వెండి పొర పోతుంది. పాత విజిటింగ్ కార్డు ముక్క రెండింటి మధ్య పెట్టి, మెల్లిగా నొక్కి లాగితే చాలు, మసి కార్డుకి అంటుకుని వచ్చేస్తుంది.

తర్వాత దాన్ని ఆర్డుయినోకి తగిలించి ఆసిల్లోస్కోప్‌లో చూశాను. ఒక్కసారి నొక్కితే కొన్ని మిల్లీసెకండ్లలో నాలుగైదు సార్లు తగిలి విడిపోతోంది. డీబౌన్సింగ్ అని మనం కోడ్‌లో ఒక లైన్ రాసి మర్చిపోయే సంగతి ఇక్కడ వేలికే తెలుస్తుంది. స్ప్రింగు బిగించి గ్యాప్ తగ్గిస్తే మారుతుంది, కాంటాక్టు శుభ్రంగా ఉంటే మారుతుంది. నాకు ఆ సాయంత్రం ఎంత సంతోషం వేసిందో చెప్తే నవ్వుతారు.

మోర్స్ లెక్క తెలియనివాళ్లకి: ఒక డా అంటే మూడు డిట్లంత పొడవు. అక్షరం లోపల చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఒక డిట్ ఖాళీ, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. నిమిషానికి 8 పదాల వేగంతో పంపితే ఒక్కో డిట్ 150 మిల్లీసెకండ్లు. మన దేశంలో హ్యామ్ రేడియో జనరల్ గ్రేడ్ లైసెన్సుకి అడిగే వేగం కూడా అదే 8. (రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు. లైసెన్సు లేకుండా గాలిలోకి పంపితే నేరం, కాబట్టి నా టకటక ప్రస్తుతానికి రూము గోడలు దాటదు. రూమ్మేట్ బాధ కూడా అదే.) ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే 'ఈ'కి ఒక్క డిట్, 'టీ'కి ఒక్క డా. అరుదుగా వచ్చే 'క్యూ'కి నాలుగు ముక్కలు. హఫ్‌మన్ కోడింగ్ 1952 నాటిది. మోర్స్ లైను వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి పలికింది 1844లో. సెమిస్టర్ పరీక్షకి రెండు పేజీల ఆన్సర్ బట్టీ పట్టిన నేను, ఆ ఆలోచన నూరేళ్ల ముందే ఒకడి వేళ్ల కింద ఉందని ఈ కీ పట్టుకున్నాకే గ్రహించాను. ఇంకొకటి, ఇంట్లో పాత నోకియా ఉంటే మెసేజ్ టోన్ జాగ్రత్తగా వినండి. మూడు పొట్టి, రెండు పొడుగు, మూడు పొట్టి. అది మోర్స్‌లో 'ఎస్ ఎమ్ ఎస్'.

ఇక్కడిదాకా అంతా సరదాయే. సమస్య ఎక్కడొచ్చిందంటే, ఇదంతా తాతయ్యకి చూపించి మురిసిపోదామనుకున్నప్పుడు. ఆయనకి పెద్దగా ఆనందం కలగలేదు. "బాగు చేశావులే" అని పేపరు చదువుకోవడంలో పడ్డాడు.

మనం తంతి అంటే సెపియా ఫోటో ఊహించుకుంటాం. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయినప్పుడు చివరి రోజున జనం కౌంటర్ల దగ్గర క్యూ కట్టి, జ్ఞాపకంగా తమకి తామే టెలిగ్రాం ఇచ్చుకున్నారని చదివాను. తాతయ్య తరానికి తంతి అంటే అది కాదు. తంతివాడు వీధిలోకి వస్తే కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన డెల్టాలో ఒక చిన్న ఆఫీసులో ఉన్నాడు. స్తంభాలు కూలి లైన్లు పడిపోయాయి. కౌంటరు ముందు జనం, చేతిలో రాసిన ఫారాలు, పంపడానికి తీగ లేదు. లైను కలిశాక వరసగా కొన్ని రోజులు ఎక్కువగా ఒకటే మాట పంపాడట: 'సేఫ్'. ఎస్, ఏ, ఎఫ్, ఈ. "మిగతా రకం కూడా ఉండేవి" అన్నాడు. ఆ మిగతా రకం గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అప్పట్నుంచి ఈ వింటేజ్ మోజు మీద నాకు కొంచెం అనుమానం పట్టుకుంది. వస్తువు అందంగా ఉంటే దాని కాలం కూడా అందంగా ఉండేదని నమ్మేస్తాం. అది తప్పు. అలాగని వస్తువుని మళ్లీ అటకెక్కించాలా? నేను ఎక్కించలేదు. ఆ వస్తువుతో బతికినవాళ్లు ఉండగానే వాళ్లని అడగాలి, అడిగింది రాసి పెట్టుకోవాలి అనుకున్నాను. ఈ బుద్ధే నన్ను కాలవ దగ్గరికి తీసుకెళ్లింది.

మా కాలవ కథ క్లుప్తంగా. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. దాని కాలవలు పొలాలకి నీళ్లివ్వడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. కొమ్మమూరు కాలవ దక్షిణంగా పోయి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. ఆ బకింగ్‌హాం కాలవ మద్రాసు దగ్గర 1806లో మొదలై ముక్కలు ముక్కలుగా పెరిగింది. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క 1877-78లో, ధాత కరువులో ఆకలితో ఉన్న జనంతో తవ్వించారు. గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు నిలిచింది, తవ్వినవాళ్ల పేర్లు లేవు. ఏలూరు కాలవ, కాకినాడ కాలవ కూడా కలుపుకుంటే కాకినాడ నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా నీటి దారి. 2008లో దీన్ని జాతీయ జలమార్గం-4 అని ప్రకటించారు కూడా.

మా ఊరి దగ్గర లాకులున్నాయి. లాకు అంటే తెలుసుగా? ఎగువ నీటిమట్టం ఒకటి, దిగువది ఒకటి. మధ్యలో రాతి తొట్టె, రెండు వైపులా తలుపులు. పడవని తొట్టెలోకి తెచ్చి తలుపు మూసి, తూము తెరిచి నీళ్లు నింపితే పడవ తనంతట తానే పైకి లేస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. రెండు తలుపులూ ఎగువ వైపు కోణం చేసుకుని మూసుకుంటాయి కాబట్టి నీళ్లు ఎంత తోస్తే అంత గట్టిగా బిగుసుకుంటాయి. ఇప్పుడు మా లాకుకి తలుపుల్లేవు, పడవల్లేవు. తొట్టె నిండా గుర్రపుడెక్క. కానీ అంచు రాళ్ల మీద తాళ్లు ఒరుసుకుని పడ్డ గాట్లు ఇంకా ఉన్నాయి, వేలు పెడితే సరిగ్గా పడుతుంది. ధాన్యం బస్తాలేసుకున్న పడవని గట్టుమీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లని మా ఊరి ముసలాయన ఒకరు చెప్పారు. గాలి వాటంగా ఉంటే తెరచాప, లేకపోతే భుజాలు.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన భాగం. రెండేళ్ల కిందట మేం ఒక క్లబ్ తరఫున అక్కడ 'కాలవ పరిరక్షణ' కార్యక్రమం పెట్టాం. పోస్టర్ డిజైన్ నాదే. అరవై మంది, ఒకే రంగు టీషర్టులు, బ్యానరు, డ్రోన్ షాట్. రెండు గంటలు గుర్రపుడెక్క లాగి గట్టు అంచునే కుప్పలు పోశాం. ఫోటోలకి లైకులు బాగానే వచ్చాయి. మూడు వారాల తర్వాత ఊరెళ్లి చూస్తే కాలవ ముందుకన్నా పచ్చగా ఉంది. అనుకూలిస్తే ఆ మొక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మేం అంచున పోసినదాంట్లో సగం నీళ్లు పెరగ్గానే జారి మళ్లీ లోపలికే పోయింది. అక్కడి లస్కరుని పలకరిస్తే ఆయన కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు: "మీరొచ్చిపోయినాక నాకు రెండ్రోజులు పని పడింది బాబూ. ప్లేట్లు, వాటర్ సీసాలు షట్టర్లకి అడ్డం పడ్డాయి." టిఫిన్ ఏర్పాటు చేసింది కూడా నేనే.

ఇప్పుడు మేం ఆరుగురం. నెలకి రెండు ఆదివారాలు. టీషర్టుల్లేవు. ఇరిగేషన్ ఏఈ గారి దగ్గర కాగితం మీద అనుమతి తీసుకున్నాం, షట్టర్లు ముట్టుకోమని రాసిచ్చాం. నీళ్లు వదిలినప్పుడు ఎవరూ దిగరు, గట్టుమీద నుంచే పొడుగు కర్ర దంతెలతో లాగుతాం. లాగినదాన్ని అంచున వదలకుండా దూరంగా మోసుకెళ్లి పరిచి ఎండబెడతాం. పక్క చేను రైతు ఎరువు గుంటలోకి తీసుకుపోతాడు. లస్కరు చెప్పినట్టు వెదురు గడలు కట్టి తొట్టె ముందు అడ్డం వేశాం, పైనుంచి కొట్టుకొచ్చేది అక్కడే ఆగుతోంది. ఇంత చేసినా కాలవ మొత్తం మీద మేం శుభ్రంగా ఉంచుతున్నది ఒక్క లాకు మేర. అంతకన్నా చెప్పుకుంటే అబద్ధం.

ఇంగ్లండ్‌లో ఇలాంటివి వేరే స్థాయిలో జరిగాయి. 1946లో రాబర్ట్ ఐక్‌మన్, టామ్ రోల్ట్ వంటివాళ్లు కలిసి కాలవల కోసం ఒక సంఘం పెట్టారు. మూతపడ్డ కెన్నెట్ అండ్ ఏవన్ కాలవని దశాబ్దాల పాటు వాలంటీర్లూ మిగతావాళ్లూ బాగుచేస్తే 1990లో రాణి వచ్చి తెరిచింది. అందులో డివైజెస్ ఊరి దగ్గర వరసగా 29 లాకులున్నాయి. ఇప్పటికీ అక్కడ వాలంటీర్లు లాకులకి రంగులేస్తారు, పడవల్ని దాటిస్తారు. చదువుతుంటే అసూయ కలిగింది. కానీ మన కాలవల్ని 'హెరిటేజ్' అనడం నాకు నచ్చదు. అక్కడ కాలవ పని సరుకు మోయడం, ఆ పని పోయింది, కాబట్టి వారసత్వం అయింది. మా కాలవ ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆ నీళ్లతోనే వరి పండుతుంది, ఊళ్ల చెరువులు నిండుతాయి. పోయింది పడవలే. హెరిటేజ్ బోర్డు తగిలించామంటే సెల్ఫీ పాయింట్ అవుతుంది, పూడిక మాత్రం అలాగే ఉంటుంది.

"దీనివల్ల ఏం లాభం?" అనే ప్రశ్నకి నా దగ్గర ఒక రెడీమేడ్ జవాబుంది. నాలుగేళ్లలో మనకి కట్టడం నేర్పుతారు, కట్టినదాన్ని కాపాడుకోవడం గురించి ఒక్క పేపరు లేదు. రేపు ఉద్యోగంలో మొదట చేతికొచ్చేది మాత్రం ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన పాత కోడ్. కాబట్టి... ఇదిగో, చూశారా, నేనే మళ్లీ రెజ్యూమే భాషలోకి జారిపోయాను. ప్రతి ఇష్టాన్నీ స్కిల్‌గా మార్చి చూపిస్తే తప్ప దానికి చోటు లేదన్నట్టు మన బుర్రలు తయారయ్యాయి. కాలవ పరిరక్షణ రోజున నేను చేసింది సరిగ్గా అదే కదా. సర్టిఫికెట్ కోసం వెళ్లాను, సర్టిఫికెట్ వచ్చింది, గుర్రపుడెక్క కూడా వచ్చింది. లాభం చూపించక్కర్లేని పని అయితే తొందర ఉండదు. తొందర లేకపోతేనే లస్కరు పక్కన కూర్చుని, షట్టరు సరిగ్గా కూర్చుందో లేదో ఆయన నీళ్ల చప్పుడుని బట్టి ఎలా చెప్తున్నాడో వినబుద్ధవుతుంది. ఆయన రిటైరయ్యేది వచ్చే ఏడాదే. ఆ చెవి ఏ మాన్యువల్‌లోనూ లేదు.

పోయిన నెల తాతయ్యకి ఫోన్ చేసి, స్పీకర్ దగ్గర సౌండర్ పెట్టి, నిమిషానికి 5 పదాల వేగంతో నా పేరు పంపాను. చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా. "అక్షరాల మధ్య ఖాళీ సరిగ్గా వదలరా, అన్నీ కలిపేస్తున్నావ్. మళ్లీ పంపు" అన్నాడు. సంధి చేశాను తాతయ్యా, తెలుగు క్లబ్ వాణ్ణి కదా అన్నాను. సంధులకి తంతిలో చోటు లేదు, మళ్లీ పంపు అన్నాడు. నాలుగు సార్లు పంపించాడు.

రూమ్మేట్ కూడా మొన్న ఆదివారం కాలవకి వచ్చాడు. కొత్త షార్ట్ చింపుకున్నాడు, ఎనిమిది బుట్టలు మోశాడు, తిరుగు బస్సులో నిద్రపోయాడు. రాత్రి పదకొండు రూల్ మాత్రం అలాగే ఉంది.