రంగులద్దితే రుజువైనట్టేనా?

ఆమధ్య తిరుపతిలో ఒక ప్రదర్శన చూశాను. పాత మంటపమొకదాన్ని లేజరు స్కానరుతో కొలిచి, లక్షల చుక్కలుగా మార్చి, డీప్ లెర్నింగ్ మోడల్ చేత విభజింపజేశారు. స్తంభాలు నీలం, గోడలు పసుపు, కప్పు ఆకుపచ్చ. తెరమీద మంటపం తిరనాళ్ళ రంగులరాట్నంలా గిర్రున తిరిగింది. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక సిగ్గుపడ్డాను. మోడల్ ఎక్కడ పొరబడిందో ఆ బొమ్మలో ఎక్కడా లేదు గదా!

ఆంగ్లంలో పాయింట్ క్లౌడ్ అనేదాన్ని నేను బిందుమేఘమంటాను. "ఇది గోడ, ఇది స్తంభం" అని ప్రతి బిందువుకూ పేరు పెట్టడమే సెగ్మెంటేషన్. ఆ పేర్లను రంగుల్లో చూపడం తనిఖీ కోసం. మనవాళ్ళు దాన్ని అలంకారం చేసి కూర్చున్నారు.

లెక్క చూడండి. నూరు బిందువులలో 97 గోడవి, 3 బీటవి అనుకుందాం. అన్నింటినీ గోడ అనేసిన మోడల్‌కు 97 మార్కులు వస్తాయి. బీటను పట్టడంలో దానికి వచ్చేది సున్న. పైగా గోడంతా ఒకే పసుపు పూయడంతో, అసలు రంగులో కంటికి కనబడే బీట కూడా మాయమవుతుంది.

ఆ మూడు బిందువుల విలువ మన సీమవారికి వేరే చెప్పాలా? 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. బీట ముందే మనుషుల కంటబడింది. ఇంపైన పసుపు పూసిన బొమ్మ ఒక్కటే వారి ముందుంటే ఏం కనబడేది? 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. పాతది మాత్రం తిరిగి రాదు.

మరొక సంగతి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2016లో వెలువరించిన ప్రసిద్ధ దత్తాంశంలో ఉన్న పేర్లు 13. గోడ, దూలం, కుర్చీ, సోఫా, పుస్తకాల అర వగైరా. దేనికీ చెందనిదల్లా 'క్లటర్', అంటే చిందరవందర సామాను! అక్కడ చదువుకున్న మోడల్‌ను యథాతథంగా గోపురం ముందు నిలబెడితే, ద్వారపాలకులను ఏ ఖాతాలో వేస్తుంది? ఆ ఖాతాకూ ఒక చక్కని రంగు ఉంటుంది. చూసేవారికి అనుమానమే రాదు.

"సామాన్యులకు ఇంత వివరమెందుకు, అందంగా ఉంటే చాలదా?" అంటారు. చాలదు. గుడి సామాన్యులది. మరమ్మతు ఎక్కడ చేయాలో ఆ బొమ్మను చూసే నిర్ణయించే రోజులు వస్తున్నాయి.

నేను కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. ఒకే కోణంలో నాలుగు బొమ్మలు పక్కపక్కన పెట్టండి: అసలు రంగులది, మనిషి పేర్లు పెట్టినది, మోడల్ పేర్లు పెట్టినది, చివరగా ఒప్పులు బూడిదరంగులో తప్పులు ఎరుపులో చూపేది. ప్రతి తరగతికీ విడిగా మార్కులు వేయండి. మోడల్ ఎక్కడ తటపటాయించిందో కూడా చూపండి. క్లౌడ్ కంపేర్, ఓపెన్ త్రీడీ వంటి ఉచిత ఉపకరణాలు ఇందుకు చాలును.

ఈసారి చప్పట్లకు ముందు "ఎర్రబొమ్మ ఏదండీ?" అని అడుగుతాను. మిత్రులారా, మీరూ అడగండి. కాదనేవారుంటే రండి, వాదనకు నేను సిద్ధం.