చివరి ఇంటి కుళాయే గీటురాయి

సామాజిక బాధ్యత అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. చలికాలంలో కొన్ని దుప్పట్లు పంచి, పండుగనాడు మహల్లాలో మిఠాయి పొట్లాలు అందించి, మరునాడు పత్రికలో ఫొటో చూసుకుంటే ఆ బాధ్యత తీరిపోయిందని మన వార్డు ప్రతినిధులు చాలామంది భావిస్తున్నారు. దానం మంచి పనే, దాన్ని ఎవరూ కాదనరు. అయితే పురపాలక సంఘం ధర్మసత్రం కాదన్న సంగతి మరచిపోరాదు. మన పన్నులతో, మన ఓట్లతో నడిచే సంస్థ అది. దాని సేవలు మనకు హక్కుగా రావాలి.

మరి ఒక కౌన్సిలు తన సామాజిక బాధ్యతను నెరవేరుస్తున్నదో లేదో తెలుసుకోవడం ఎలా? కూడళ్లలోని ఫౌంటెన్లు చూస్తే తెలియదు. ఊళ్లో అందరికంటే వెనుకబడిన బస్తీకి వెళ్లి, చివరి ఇంటి కుళాయి తిప్పి చూస్తే తెలుస్తుంది. పలుకుబడి ఉన్నవారి వీధికి నీళ్లు ఎలాగూ వస్తాయి. అడిగే గొంతు లేనివారి వీధికి కూడా అవే నీళ్లు, అంతే శుభ్రంగా వస్తే ఆ కౌన్సిలు తన పని తాను చేస్తున్నట్లు లెక్క.

2018 మార్చిలో గుంటూరులో జరిగిన ఘోరాన్ని ఈ సందర్భంగా గుర్తు చేసుకోవాలి. ఆనందపేట, దాని చుట్టుపక్కల బస్తీల్లో అతిసారం ప్రబలింది. వందలాది మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తాగునీటి గొట్టాల్లోకి మురుగునీరు చేరడమే ఇందుకు కారణమని అప్పట్లో బయటపడింది. మృతుల్లో చాలామంది రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలవారు. నీళ్లు కొనుక్కునే స్తోమత ఉన్నవారు బయటపడ్డారు. కుళాయినే నమ్ముకున్నవారు బలయ్యారు.

ఇక్కడ గమనించవలసిన మరో విషయం ఉంది. ఆనాటికి గుంటూరు నగరపాలక సంస్థకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2010లో కౌన్సిలు గడువు ముగిసిన తర్వాత మళ్లీ 2021 మార్చిలో గాని ఎన్నికలు జరగలేదు. దాదాపు పదకొండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. పాలకవర్గం ఉండి ఉంటే ఆ మరణాలు జరిగేవి కావని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. కాని కుళాయిలో నీళ్లు రంగు మారి వచ్చినప్పుడు బస్తీ ప్రజలు తెల్లవారగానే వెళ్లి తలుపు తట్టడానికి ఒక కార్పొరేటర్ ఇల్లంటూ ఉండేది. అధికారికి బదిలీ ఉంటుంది. కార్పొరేటర్ మాత్రం మళ్లీ అదే వీధికి ఓటు అడగడానికి రావాలి. ఆ భయమే పేదవాడికి రక్ష.

రాజ్యాంగం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ సవరణ ప్రకారం పురపాలక సంఘం గడువు ఐదేళ్లు. ఆ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలి. పంచాయతీలకు 73వ సవరణ ఇదే నియమం పెట్టింది. అయినా తెలంగాణలో గ్రామ పంచాయతీలు 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులు లేకుండానే గడిపాయి. గడువు దాటించడానికి ప్రభుత్వాలకు ఏదో ఒక సాకు దొరుకుతూనే ఉంది. సామాజిక బాధ్యతలో మొదటి మెట్టు సకాలంలో ఎన్నికలు జరపడమే. ఆ మెట్టే విరిగిపోతే పైమెట్ల సంగతి మాట్లాడి ప్రయోజనం ఏమిటి?

అదే సవరణతో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ వాటిలో కొన్ని. శ్మశానాలు, ఖబరస్తాన్లు, జనన మరణాల నమోదు కూడా అందులోనివే. అంటే బిడ్డ పుట్టినప్పుడు ఇచ్చే పత్రం నుండి మనిషిని మట్టిలో కలిపే చోటు దాకా జీవితమంతా ఈ చిన్న ప్రభుత్వంతో ముడిపడి ఉంది. ఢిల్లీ రాజకీయాల మీద గంటల తరబడి చర్చించుకునే మనం మన వార్డు బడ్జెట్టు ఎంతో అడిగి తెలుసుకోకపోవడం విచారకరం.

స్థానిక సంస్థలు తలచుకుంటే ఏమి చేయగలవో కేరళ చూపించింది. మంచం పట్టిన రోగుల సంరక్షణ కోసం 2008లో ఆ రాష్ట్రం ఒక విధానాన్ని ప్రకటించింది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం అదే. క్యాన్సర్, పక్షవాతం వంటి జబ్బులతో కదలలేని వారి ఇళ్లకే నర్సు వెళ్లి పుండ్లు కడిగి, మందులు ఇచ్చి వచ్చే ఏర్పాటు పంచాయతీల ద్వారా సాగుతోంది. ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఈ పని ముందుగా ప్రజలే మొదలుపెట్టారు. చిన్న దుకాణదారులు, కూలీలు తలా కొంత వేసుకున్నారు. మతభేదం లేకుండా యువకులు ఇరుగుపొరుగు రోగుల బాధ్యత తీసుకున్నారు. తర్వాత పంచాయతీలు వారితో చేయి కలిపాయి. ప్రజల చొరవకు పంచాయతీ నిధులు తోడయ్యాయి. ఇలాంటి ఏర్పాటు మన పట్టణాల్లో ఎందుకు సాధ్యం కాదు?

డబ్బు లేదన్నది కౌన్సిళ్లు చెప్పే మొదటి మాట. అందులో నిజం లేకపోలేదు. పనులు అప్పగించి నిధులు, అధికారాలు తమ చేతిలోనే ఉంచుకోవడం రాష్ట్ర ప్రభుత్వాలకు అలవాటైపోయింది. అయితే పెద్దగా ఖర్చు లేని బాధ్యతలు కూడా ఉన్నాయి. ఉదాహరణకు వీధి వ్యాపారుల చట్టాన్నే తీసుకుందాం. 2014 నాటి ఈ చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో ఒక వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే కావాలి. వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలి. సర్వే పూర్తిచేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు తోపుడుబండి వారిని తొలగించరాదు. పండ్లబండి, టీబండి మీద బతికే కుటుంబాలు మన బస్తీల్లో కోకొల్లలు. తెల్లవారుజామున లారీ వచ్చి బండి ఎత్తుకుపోతే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. ఆ కమిటీని సమావేశపరచి వారి మాట వినడానికి కోట్లు అక్కరలేదు, మనసుంటే చాలు.

ఇక మన వైపు కూడా చూసుకోవాలి. మురుగు కాలువ మీదికి మెట్లు కట్టుకుని, చెత్తను అందులోకే నెట్టి, దోమలు వచ్చాయని కౌన్సిలర్ను తిట్టడం న్యాయం కాదు. ఇంటి పన్ను ఎగవేసి వీధి దీపం అడిగే నైతిక హక్కు ఎవరికీ ఉండదు. వేకువనే మన మురికిని ఎత్తే పారిశుద్ధ్య కార్మికులను ఒక మంచిమాటతో పలకరించే సంస్కారం కూడా మనకు ఉండాలి. తగిన రక్షణ సామగ్రి లేకుండా మురుగు గుంతల్లోకి మనుషులను దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఈ నియమం కాంట్రాక్టరుకు మాత్రమే వర్తిస్తుందనుకోరాదు. మన ఇంటి సెప్టిక్ ట్యాంకు విషయంలో కూడా అది వర్తిస్తుంది.

కాబట్టి సోదర సోదరీమణులారా! ఈసారి వార్డు ప్రతినిధి సన్మానానికి పిలిస్తే తప్పక వెళ్లండి. పూలదండ వేయండి. ఆ వెంటనే మూడు ప్రశ్నలు అడగండి. మన బస్తీలో తాగునీటి గొట్టం ఎన్నేళ్ల నాటిది, అది మురుగు కాలువను ఎక్కడెక్కడ దాటుతోంది? కుళాయి నీటిని చివరిసారి పరీక్షించింది ఎప్పుడు, ఫలితం ఎక్కడ అతికించారు? వెండింగ్ కమిటీలో మన బస్తీ తోపుడుబండి వారి ప్రతినిధి ఎవరు? జవాబు దొరక్కపోతే పదిమంది సంతకాలతో కాగితం రాసి ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. మరుసటి నెల మళ్లీ వెళ్లండి. అడిగేవారు ఉన్న వీధిలోనే కౌన్సిలుకు తన బాధ్యత గుర్తుకు వస్తుంది.